సంగటి దిగేలోపు

హిందూపురం,
13 ఆగస్టు 1961

అత్తా,

నీకు రాస్తున్న ఉత్తరం ముందుగా మామే చదువుతాడని నాకు తెలుసు. పోస్టుమాన్ పాపన్న దగ్గర అందుకునేది ఆయనే, చింపేది ఆయనే, వంటింటి గడప మీద కూర్చుని నీకు వినిపించేదీ ఆయనే. కాబట్టి మామా, నమస్కారం. కళ్లజోడు తుడుచుకుని చదువు.

జనవరి ఇరవై ఆరున మీ ఊరి యువజన సంఘం కొండ పందెం పెడుతోందట. కోట వాకిలి దగ్గర మొదలుపెట్టి పైన నరసింహస్వామి గుడి దాకా పరుగు. గెలిచిన వాడి పేరు వాకిలి పక్క గోడ మీద రంగుతో రాస్తారట. నేను పేరిచ్చేశాను. అయితే పదిమందిలో ముందు చేరడం నాకు చాలదు. మామ రికార్డు కొట్టాలి.

నేను పుట్టకముందు, ముప్పై అయిదులో, మామ మా నాయనతో అన్న మాటలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "నా పెండ్లాము పొయ్యి మీద పెట్టిన సంగటి దిగేలోపల గుడికాడ నిలబడి పంచె ఊపుతా. ఊపకపోతే నా మీసం తీసేస్తా. ఊపితే నువ్వు తీసెయ్యి బావా." నువ్వు కుండ దించే వేళకు పైన పంచె కనబడింది. నాయన ఆ సాయంత్రమే మీసం తీయించుకున్నాడు. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. పౌరుషానికి పోయి, మా ఇంట్లో పుట్టినవాడు ఎవడైనా ఆ పందెం తిరిగి గెలిచేదాకా మీసం పెట్టనని ఒట్టేశాడు. బెల్లం మండీలో ఇంతింత మీసాల మధ్య మా నాయన ఒక్కడే నున్నని మూతితో ఇరవై ఆరేళ్లుగా బేరాలు ఆడుతున్నాడు.

వచ్చే చైత్రంలో ఆయనకు అరవై నిండుతాయి. ఫోటో తీయించాలని అమ్మ పట్టుబట్టింది. నాయన మొన్న అద్దం ముందు నిలబడి, "ఈ మూతితో ఫోటో ఏందిరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నాకు బాధేసింది. నేను ఆయన్ని మీసంతో ఒక్కరోజు కూడా చూడలేదు అత్తా. డ్రిల్లు మాస్టరు పని చేసే కొడుకును నేనుండి కూడా చూడకపోతే ఎట్లా? కాళ్లున్నాయి, బడిలో స్టాప్‌వాచీ ఉంది.

మామా, సిద్ధంగా ఉండు.

లక్ష్మీనారాయణ


పెనుకొండ,
20 ఆగస్టు 1961

నారాయణా,

కార్డు మీద చోటు తక్కువ. ఉన్న చోటంతా వద్దు అని రాసినా నీకు చాలదని తెలుసు, అయినా రాస్తున్నాను. వద్దు. ఆ కొండ ఆడుకునే కొండ కాదు. మెట్లు ఉన్నంత దూరమే దారి, ఆపైన బండలు. సీతాఫలం పొదల కింద ఏముంటుందో ఎవరికీ తెలియదు. మీ నాయనకు మీసం లేకపోతే ఏం పోయింది? మజ్జిగ తాగితే మూతికి అంటకుండా హాయిగా ఉన్నాడు.

మీ మామ నీ ఉత్తరాన్ని ఇంట్లో మూడుసార్లు, కాఫీ హోటల్లో ఒకసారి చదివాడు. "రానీ, సూస్తాం" అని తొడ చరిచాడు. ఇంటికొచ్చి మోకాళ్లకు ఆముదం రుద్దించుకున్నాడు. ఊళ్లో ఈయన్ని తిమ్మప్ప అని పిలిచేవాళ్లు లేరు, కొండ తిమ్మప్ప అనే పిలుస్తారు. అది గుర్తుపెట్టుకో.

వెంకటసుబ్బమ్మ

మీ అత్త ఆడది, భయపడతాది. నువ్వు రా అల్లుడా. — తిమ్మప్ప


హిందూపురం,
29 అక్టోబరు 1961

అత్తా,

నీ కార్డు అందింది. వద్దన్నావు కాబట్టి రెండు వారాలు మానుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం తెల్లవారి బండికి పెనుకొండ వచ్చి కొండెక్కి పోతున్నాను. మీ ఇంటికి రాకపోవడం తప్పే. వస్తే నువ్వు పెట్టే దోసెలు తిని మళ్లీ కొండ ఎక్కలేను.

మొదటి వారం నలభై తొమ్మిది నిమిషాలు. గుడి దగ్గర పూజారి నన్ను చూసి ముందు నీళ్లు చల్లి, ఆ తర్వాత తీర్థం ఇచ్చాడు. రెండోసారి నలభై మూడు. మెట్లు రెండేసి దూకడం, బురుజు పక్కన అడ్డదారి పట్టడం నేర్చుకున్నాక ముప్పై ఎనిమిది. అసలు కష్టమంతా కోతిబండ దగ్గర. అక్కడ పరుగు సాగదు, నాలుగు కాళ్ల జంతువులాగా చేతులతో పాకాలి. అరచేతులు కొట్టుకుపోయి మొన్న సుద్దముక్క పట్టుకోలేకపోయాను. పోయిన వారం ముప్పై ఆరు. ఆనందం పట్టలేక దిగేటప్పుడు మోకాలు చీరుకున్నాను.

ఇంటికొచ్చాక బుద్ధి పుట్టింది. మామ పరుగెత్తింది గడియారం లెక్కన కాదు కదా, సంగటి లెక్కన. అందుకని అమ్మను పదిమందికి సరిపడా సంగటి వండమని పక్కన వాచీ పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి అంటించింది మొదలు కుండ దించేదాకా ముప్పై ఒక్క నిమిషం. మళ్లీ వండమన్నాను. ముప్పై ఒకటిన్నర. మూడోసారి అమ్మ తెడ్డు ఎత్తింది. ఇంట్లో రెండు రోజులు అందరం సంగటే తిన్నాం.

ముప్పై ఒకటి అత్తా! మామ మనిషేనా? ఆ రోజుల్లో చెప్పులు కూడా లేవు. నేను బడిలో పిల్లలకు పరుగు నేర్పేవాణ్ణి, అయినా అయిదు నిమిషాలు వెనకబడ్డాను. నాయన ఏమీ అడగడు. ఆదివారం సాయంత్రం స్టేషన్ బయట నిలబడి నా మొహం చూస్తాడు, "కాఫీ తాగుదాం పా" అంటాడు. అంతే. ఇంకా మూడు నెలలుంది. ఎముకలు విరిగినా సరే, ఆ అయిదు నిమిషాలూ తగ్గిస్తాను.

లక్ష్మీనారాయణ


పెనుకొండ,
12 నవంబరు 1961

నారాయణా,

ఎముకలు విరగ్గొట్టుకుంటానని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? మీ మామ ఆ మాట చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాతే మిగతాది చదివాడు.

సంఘం వాళ్లు నిన్న ఇంటికొచ్చారు. అధ్యక్షుడు పోతులయ్య అన్నాడు, "గడియారం మాకు పనికిరాదమ్మా. తిమ్మప్పది సంగటి లెక్క. కొట్టేటోడు గూడ ఆ లెక్కనే కొట్టల్ల. పందెం మొదలైనప్పుడే నువ్వు పొయ్యి అంటించు. కుండ దిగకముందే మీ అల్లుడు పంచె ఊపితే గెలిచినట్లు." నేను ఒప్పుకున్నట్టు ఎక్కడా అనలేదు. మీ మామ అటక ఎక్కి అప్పటి కుండ దించి, తడిగుడ్డతో తుడిచి మధ్యింట్లో పెట్టాడు. వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నాడు.

నీకు ఒక సంగతి రాయాలి. ఇక్కడి నుంచి రాయలేను. మా అమ్మాయి శ్యామలకు నెలలు నిండాయి, రెండో కాన్పు కాబట్టి నేనే ధర్మవరం పోతున్నాను, అక్కడి నుంచి రాస్తాను. అంతదాకా నువ్వు ఆ బండల మీద ఒళ్లు మరిచి పాకవద్దు. నా మీద ఒట్టు.

వెంకటసుబ్బమ్మ

అల్లుడా, కోతిబండ కాడ కుడిపక్క పోవద్దు. ఎడమపక్క చెయ్యి పట్టేంత పగులు ఉండాది, దాన్ని పట్టుకో. పైకి పోయినంక కాసేపు కూర్చో, గాలి బాగా తగుల్తాది. ఆడ నుంచి మన ఇల్లు గూడ కనపడతాది. — తిమ్మప్ప


ధర్మవరం,
10 డిసెంబరు 1961

నారాయణా,

ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు. నాలుగు పక్కలా మగ్గాల చప్పుడే, అయినా ఆ పిల్ల ఒక్క గుక్కలో ఊరంతా వినబడేట్టు ఏడుస్తుంది. ఇది కార్డు కాదు, కవరు. జిగురు రెండుసార్లు పూశాను. చదివి పొయ్యిలో వేసెయ్.

మీ మామ రికార్డు మీ మామది కాదు, నాది.

ఆ రోజు మీ నాయన పెనుకొండ వచ్చింది నన్ను ఆషాఢానికి పుట్టింటికి తీసుకుపోవడానికి. పెళ్లయి రెండు నెలలు. మీ మామ, "ఇంకో నాలుగు దినాలు ఉండి వస్తాదిలే" అన్నాడు. అన్న ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగి పందెంలోకి దిగింది. మీ మామ ఓడితే మీసం పోవడమే కాదు, నన్ను ఆ సాయంత్రపు బండికే పంపాలి. గెలిస్తే అన్న నాలుగు రోజులు ఆగాలి. మీసం సంగతి మాత్రమే మీ ఇంట్లో చెప్పుకుంటారు. ఈ రెండోది ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప.

వాళ్లంతా వాకిట్లో మెడలు ఎత్తి కొండ చూస్తున్నారు. వంటింట్లో నేను ఒక్కదాన్నే. నూకలు ఉడికిపోతున్నాయి. వాకిట్లో ఎవరో, "ఇంకా కోతిబండ గూడ ఎక్కలేదే" అన్నారు. ఒకపక్క ఆయన అంత ఎత్తున గసపెడుతూ పాకుతుంటాడనే భయం. ఇంకోపక్క, అసలు సంగతి చెప్పడానికి ఈ వయసులో సిగ్గెందుకు, నాకు ఆ సాయంత్రం బండి ఎక్కాలని లేదు. పొయ్యిలో కట్టెలన్నీ వెనక్కి లాగి నీళ్లు చల్లాను.

ఎంతసేపు అంటావా? నేను జుట్టు విప్పి, చిక్కు తీసి, నూనె రాసి, దువ్వి, జడ వేసుకున్నాను. అప్పట్లో నా జడ నడుము దాటేది. జడ చివర ముడి వేస్తుంటే, "అదిగో కోతిబండ దాటినాడు" అని అరిచారు. కట్టెలు లోపలికి తోసి, ఊది, పిండి వేసి, కెలికి, "పంచె" అని కేక వినబడగానే కుండ దించాను. నా జడ ఎప్పుడు వేసుకున్నానని ఒక్క మగవాడూ అడగలేదు.

కాబట్టి నువ్వు ముప్పై ఆరు నిమిషాల్లో ఎక్కిన రోజే మీ మామను దాటేశావు. లేని రికార్డు కోసం మోకాళ్లు పగలగొట్టుకుంటున్నావు. నా వల్ల నా తోడబుట్టినవాడు ఇరవై ఆరేళ్లుగా మీసం లేకుండా తిరుగుతున్నాడు. పండక్కి వచ్చినప్పుడల్లా ఆయన మూతి చూడలేక తల వంచుకుని వడ్డిస్తాను. నిజం చెబుదామంటే మీ మామ ఊళ్లో తలెత్తుకోలేడు. ఆయనకు ఉన్న గొప్ప అదొక్కటే. పొలం వానను నమ్ముకుంది, కొడుకులు లేరు, హోటల్లో బెంచీ మీద కూర్చుని ఆ కొండ కథ చెప్పేటప్పుడు ఆయన మొహం చూశావు కదా.

పందెం రోజు కూడా జడ వేసుకుంటాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచడం లేదు. నీకు తోస్తే రాయి. జనవరి పదో తేదీ దాకా ఇక్కడే ఉంటాను.

అత్త


హిందూపురం,
28 డిసెంబరు 1961

అత్తా,

కవరు చించింది మొదలు ఒక గంట నీ మీద కోపం. ఆ తర్వాత జడ సంగతి గుర్తొచ్చి బడి వరండాలో ఒక్కణ్ణే నవ్వాను. హెడ్మాస్టరు పలకరించకుండా పక్కనుంచి పోయాడు.

ఉత్తరం పొయ్యిలో వేశాను. వేస్తుంటే నాయన వచ్చి చలి కాచుకుంటూ, "ఏం కాగితంరా అది" అన్నాడు. పాత పరీక్ష పేపర్లన్నాను. నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే రేపటి నుంచి గడ్డం కత్తి పక్కన పెట్టేస్తాడు. చెప్పలేకపోయాను. ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరి లోకం మునిగిపోతుందని మండీలో అందరూ యజ్ఞాలకు చందాలు వేసుకుంటుంటే, నాయన, "మునిగే లోపల మీసం వస్తే చాలు" అంటున్నాడు.

నాకు తోచింది చెబుతున్నాను. ఎవరికీ చెప్పవద్దు. జడ కూడా వేసుకోవద్దు. నువ్వు కట్టెలు లాగితే నేను గెలిచినా అది మళ్లీ నీ రికార్డే అవుతుంది, నీ పొయ్యిలో పోయిన నాయన మీసం మళ్లీ నీ పొయ్యిలోంచే వస్తుంది. మంట నిండుగా ఉండనీ. మొన్న ముప్పై మూడున్నరలో ఎక్కాను. మామ చెప్పిన ఎడమపక్క పగులు బ్రహ్మాండంగా పనికొచ్చింది. కూర్చోమన్నాడు గాని నేను కూర్చోలేదు. గెలిస్తే నిజంగా గెలుస్తాను. ఓడితే నాయనకు చైత్రంలో నున్నటి ఫోటోనే. నువ్వు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. నా మీద ఒట్టు. నువ్వు వేసిన ఒట్టు నేను తప్పాను గాని, నువ్వు తప్పవని నమ్మకం.

లక్ష్మీనారాయణ


పెనుకొండ,
28 జనవరి 1962

నారాయణా,

దండలు, ఈలలు, మళ్లీ రైలు తొందర. నిన్ను కళ్లారా చూడనైనా లేదు. మీ నాయన నీకేమీ చెప్పి ఉండడు. కిటికీ వైపు తిరిగి మూతి తడుముకుంటూ కూర్చుని ఉంటాడు. అందుకని నేనే రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ మామ చదివినా ఫరవాలేదు. పక్కనే కూర్చుని తప్పులు దిద్దుతున్నాడు.

కింద టపాకాయ పేలగానే పొయ్యి అంటించాను. వంటింట్లో ముగ్గురు మగవాళ్లు. పోతులయ్య పీట మీద, మీ మామ గోడకు ఆనుకుని, మీ నాయన గడపలో నిలబడి కొండ చూస్తూ. నువ్వు చెప్పినట్టే చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. జుట్టు ముందే ముడి వేసుకున్నాను. మంట భగభగా మండుతోంది. నూకలు ఉడికాయి, పిండి వేశాను. "యాడుండాడు అన్నా?" అని అడిగాను. "కోతిబండ ఇప్పుడే ఎక్కుతాండాడు" అన్నాడు. చెయ్యి పై పెదవి మీద పెట్టుకున్నాడు. నాకు తెలిసిపోయింది, నీకు రెండు నిమిషాలు తక్కువ పడతాయి. తెడ్డు చేతికి తీసుకున్నాను.

అప్పుడు మీ మామ లేచి వచ్చి పొయ్యి ముందు గొంతుకూర్చున్నాడు. కట్టెలన్నీ ఒక్కొక్కటే బయటికి లాగాడు. చెంబులో నీళ్లు వాటి మీద చల్లాడు.

"ఏమప్పా తిమ్మప్పా, ఇదేం పని?" అని పోతులయ్య లేచాడు.

"ఆ పొద్దు ఎట్ల ఉడికెనో ఈ పొద్దు గూడ అట్లే ఉడకల్ల గదా. ఆ పొద్దు గూడ కట్టెలు బయటే ఉండె."

నా చేతిలో తెడ్డు జారి కింద పడింది. ఆయన నా వైపు చూడలేదు. పొయ్యితోనే మాట్లాడినట్టు చెప్పాడు. "కోతిబండ కాడికి పోయేసరికి నాకు ఊపిరి ఆడలే. సచ్చినా ఎక్కలేననుకుంటి. కిందికి సూస్తే మా ఇంటి పొగ ఆగిపోయె. ఎంతసేపు సూసినా రాలే. సరే, ఇంక తొందరేముందని ఆ బండ మీద కూర్చుని బీడీ ముట్టించితి."

"బీడీనా?" మీ నాయన గడపలోంచి ఒక్క దూకు దూకాడు. "నా మీసం ఈడ పోతాంటే నువ్వు ఆడ కూర్చుని బీడీ తాగుతాంటివా బావా?"

"ఒకటే బావా. అదీ సగమే."

"అయితే ఇన్నేండ్లు హోటల్లో ఏమని చెప్పుకుంటివి?"

"నా కాళ్ల గురించి ఎప్పుడన్నా చెప్పితినా? నా పెండ్లాము సంగటి దించేలోపల పోయినానని చెప్పుకుంటి. పెండ్లయి రెండు నెలలాయె, నాతో నాలుగు మాటలు గూడ మాట్లాడలే. పుట్టింటికి పోతే మళ్లా వస్తాదో రాదో అని ఉండె నాకు. ఆ పొగ ఆగినంక తెలిసె, దానికి పోవాలని లేదని. అది చెప్పుకోక ఇంకేం చెప్పుకుంటారు?"

నాకు ఏడుపు ఆగలేదు నారాయణా. పొగ వల్ల కళ్లు మండాయని చెప్పుకోవడానికి పొగ కూడా లేదు. ఇరవై ఆరేళ్లు నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. ఆయన నన్ను కాపాడుతున్నాడు. అప్పుడే బయట జనం ఒక్కసారిగా అరిచారు. నీ పంచె. కుండ ఇంకా పొయ్యి మీదే ఉంది.

పోతులయ్య వాచీ చూసి ముప్పై మూడు నిమిషాలన్నాడు. ఆ తర్వాత గోడ మీద ఏం రాయాలో తెలియక చాలాసేపు తల గోక్కున్నాడు. నిన్న పోయి చూసి వచ్చాం. పైన ఇట్లా ఉంది: "1935, తిమ్మప్ప: ఒక సంగటి, ఒక జడ, ఒక బీడీ." దాని కింద నీ పేరు, ముప్పై మూడు నిమిషాలు. జడ సంగతి చెప్పింది నేనే.

సంగటి ఉండలు కట్టి పాడైపోయింది. మీ నాయన ముట్టలేదు. మీ మామ రెండు ముద్దలు తిన్నాడు.

వెంకటసుబ్బమ్మ


హిందూపురం,
11 ఫిబ్రవరి 1962

అత్తా, మామా,

లోకం మునగలేదు. నాయన మూతి మీద తెల్లగా ఏదో మొలుస్తోంది. అమ్మ తలమీద కొంగు కప్పుకుని తిరుగుతోంది, ఇంట్లో పరాయి మగవాడు ఉన్నట్టుందట.

ఒక నిజం నేనూ దాచాను. కోతిబండ మీద నుంచి నేనూ కిందికి చూశాను. ఇంటి పొగ ఆగిపోయి ఉంది. ఒట్టు తప్పి నువ్వే లాగేశావనుకున్నాను. అంత కోపం వచ్చింది చూడు, ఆ కోపంలోనే మిగతా కొండంతా ఎక్కాను. దిగి వచ్చాక నీ కాళ్లకు మొక్కకుండా రైలెక్కింది కూడా అందుకే. క్షమించు. ఈసారి వచ్చినప్పుడు రెండుసార్లు మొక్కుతాను.

నాయన రెండు రోజులు మండీకి పోలేదు. బీడీ గురించి కోపమనుకున్నాం. మూడో రోజు అన్నం దగ్గర అన్నాడు, "సుబ్బి నోరు తెరిచి అడిగింటే పందెం లేకనే నాలుగు దినాలు ఆగుంటి గదరా. నేను అడగనేలేదు." ఆ తర్వాత కంచం నెట్టి లేచి, అద్దం ముందుకు పోయి మూతి తడుముకున్నాడు.

ఫోటో చైత్రంలోనే. మీరిద్దరూ రావాలి, ఆయన పక్కన మామ నిలబడాలట. అయితే ఒక తిరకాసు ఉంది. పూర్తి మంట మీద సంగటి ముప్పై ఒకటి, నాది ముప్పై మూడు. "మీసం పెట్టుకుంటా గాని కొనలు తిప్పను. ఆ రెండు నిమిషాలు నువ్వు తగ్గించినంకనే తిప్పుతా" అంటున్నాడు నాయన.

కాబట్టి వచ్చే జనవరికి కుండ మళ్లీ కడిగిపెట్టు అత్తా. కట్టెలు నిండుగా పెట్టు. మామను మాత్రం ఆ పూట వంటింట్లోకి రానివ్వొద్దు.

లక్ష్మీనారాయణ